చలి ఉదయాన పికప్ బండి ఎందుకు వణుకుతుంది?

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వస్తే కాసేపు చెవులు రిక్కించి వినండి. మీ ఊరు జగిత్యాల కావచ్చు, కోరుట్ల కావచ్చు, సిరిసిల్ల కావచ్చు. ఆ వేళకు కోడికూతతో పోటీపడి వినిపించేది పికప్ బండి చప్పుడే. వంకాయలు, టమాటాలు వేలం మొదలయ్యేలోగా మార్కెట్టు చేరాలి. నూలు మూటలు సాంచాల షెడ్డుకు చేరాలి. డ్రైవరు తాళంచెవి తిప్పుతాడు. ఇంజన్ బద్ధకంగా నాలుగు మూలుగులు మూలిగి అంటుకుంటుంది. అంటుకుంటుంది గాని కుదురుగా నడవదు. బండి అంతా గజగజ వణుకుతుంది, అద్దాలు అదురుతాయి, సైలెన్సరు నుంచి తెల్లని పొగ కమ్ముకుంటుంది. నాలుగైదు నిమిషాలు గడిచాక వణుకు తగ్గి చప్పుడు సాఫీ అవుతుంది.

ఎందుకిలా అని అడిగితే డ్రైవరన్న, "చలికి గింతే, వేడెక్కితే సర్దుకుంటది" అంటాడు.

ఈ జవాబులో సగమే నిజం ఉంది. చలి ఒక్కటే కారణమైతే ఆ వీధిలో బండ్లన్నీ వణకాలి కదా! పక్కింటి బండి అదే చలిలో, అదే వేళకు చక్కగా నడుస్తోంది. అంటే చలి జబ్బును పుట్టించటం లేదు, లోపల దాగి ఉన్న జబ్బును బయటపెడుతోంది. ఆ జబ్బు ఏదో తెలియక ఒక రబ్బరు గొట్టం మార్చితే పోయేదానికి ఇంజన్ అంతా విప్పించుకుని, వారం రోజుల కిరాయి పోగొట్టుకునే వాళ్లున్నారు. దాన్ని పట్టుకునే ఉపాయాలన్నీ మీరు పాఠ్యపుస్తకంలో చదివిన భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

వణుకులో ఉన్న లెక్క

గేరు వేయకుండా, ఎక్సలేటరు తొక్కకుండా వదిలేసినప్పుడు ఇంజన్ తనంతట తాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. దీన్ని మెకానిక్కులు ఐడ్లింగు అంటారు. పికప్ బండ్లలో ఎక్కువ భాగం డీజిల్‌వి. ఐడ్లింగులో వాటి ఇంజన్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది.

నాలుగు సిలిండర్లున్న ఇంజన్‌ను తీసుకుందాం. ప్రతి సిలిండరులోనూ పిస్టన్ నాలుగు పనులు వరుసగా చేస్తుంది. గాలిని పీల్చటం, దాన్ని నొక్కటం, ఇంధనం మండినప్పుడు కిందికి తోసుకుని రావటం, పొగను బయటికి నెట్టటం. ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి ఇంజన్ రెండు చుట్లు తిరుగుతుంది. కాబట్టి నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరులో 400 సార్లు మంట పుడుతుంది. నాలుగింటిలో కలిపి 1600 సార్లు. అంటే సెకనుకు దాదాపు 27 మంటలన్నమాట. ఇన్నింటిని మన చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు. అందుకే అది ఎడతెగని ఒకే గుర్రుమనే ధ్వనిగా వినిపిస్తుంది.

ఇప్పుడు ఒక సిలిండరు మండటం మానేసిందనుకోండి. నిమిషానికి 400 మంటలు తగ్గాయి. అంటే సెకనుకు ఆరేడుసార్లు ఇంజన్‌కు అందవలసిన తోపు అందటం లేదు. ఈ ఆరేడు ఖాళీలను చెవీ పట్టుకుంటుంది, సీటులో కూర్చున్న ఒళ్లూ పట్టుకుంటుంది. మనం వణుకు అంటున్నది దీన్నే. మెకానిక్కులు "మిస్సింగు" అంటారు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పదుల కొద్దీ సాంచాలు ఒక్కసారిగా మోగుతున్న షెడ్డులో కూడా అనుభవం గల కార్మికుడు ఒక్క సాంచా లయ తప్పితే అటువైపు తలతిప్పి చూస్తాడు. ఇంజన్ జబ్బును పట్టటానికి కావలసిన మొదటి పరికరం అటువంటి చెవే.

మరి రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఈ వణుకు ఇంతగా ఎందుకు తెలియదు? ఇంజన్ చివర ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఉంటుంది. వేగంగా తిరిగే చక్రంలో శక్తి ఎక్కువగా నిలవ ఉంటుంది కాబట్టి ఒక తోపు తప్పినా అది కప్పిపుచ్చగలదు. ఐడ్లింగులో చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, నిలవ శక్తి తక్కువ. ఒక్క తోపు తప్పినా వెంటనే వేగం పడిపోతుంది.

అగ్గిపుల్ల లేని మంట

డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని అంటించే నిప్పురవ్వ లేదు. పెట్రోలు బండిలో ఉండే స్పార్క్ ప్లగ్గు ఇందులో కనపడదు. మరి మంట ఎలా పుడుతుంది?

సైకిలు పంపు మూతిని వేలితో మూసి గబగబా పదిసార్లు కొట్టి, పంపు అడుగుభాగం ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కటానికి మనం చేసిన పని ఆ గాలిలో వేడిగా మారింది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ సూత్రం మీదనే తన ఇంజన్‌ను నిర్మించాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో జరిగిన పరీక్షలో అది ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చి చూపింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందనంత ఎత్తు.

ఇప్పుడు చలి ఏం చేస్తుందో లెక్క వేద్దాం. ఒక ఇంజన్ గాలిని పద్దెనిమిదో వంతుకు నొక్కుతుందనుకుందాం. లోపలి వేడి బయటికి ఏమాత్రం పోకపోతే ఆ గాలి ఉష్ణోగ్రత దాదాపు 3.2 రెట్లవుతుంది. అయితే ఈ రెట్లు సెల్సియస్ డిగ్రీలకు వర్తించవు, కెల్విన్‌లలో లెక్కించాలి. సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్ వస్తుందని మీకు తెలుసు.

మే నెల, జగిత్యాల దగ్గర చల్‌గల్ మార్కెట్టుకు మామిడికాయలు తోలే రోజులు. తెల్లవారుజామున బయట 30 డిగ్రీలనుకుందాం. అంటే 303 కెల్విన్‌లు. దాన్ని 3.2తో గుణిస్తే 970. అందులోంచి 273 తీసేస్తే 697 డిగ్రీలు.

జనవరి నెల, అదే ఊరు, అదే బండి, అదే వేళ. బయట 10 డిగ్రీలు, అంటే 283 కెల్విన్‌లు. 3.2తో గుణిస్తే 906. అంటే 633 డిగ్రీలు.

చూశారా! బయట 20 డిగ్రీల తేడా, ఇంజన్ లోపల 64 డిగ్రీల తేడా అయి కూర్చుంది. మనం పీల్చే గాలిలోని చలి సిలిండరులో మూడింతలకు పైగా పెరుగుతోందన్నమాట.

డీజిల్ మామూలు గాలిలో 250 డిగ్రీల లోపే తనంతట అంటుకుంటుంది కదా, 633 చాలదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మనం వేసినది వేడి ఏమీ పోదన్న లెక్క. నిజం ఇంజన్‌లో రాత్రంతా చల్లబడిన ఇనుప గోడలు ఆ వేడిని పీల్చేస్తాయి. బ్యాటరీ నీరసంగా ఉండి ఇంజన్‌ను మెల్లగా తిప్పితే, గోడలు వేడిని దోచుకోవటానికి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది. పిస్టన్ రింగులు అరిగి ఉంటే నొక్కిన గాలి పక్కలనుంచి కారిపోతుంది.

ఇక అన్నిటికంటె పెద్ద చిక్కు కాలం. నిమిషానికి 800 చుట్లంటే ఒక చుట్టుకు సెకనులో వెయ్యి వంతుల్లో 75 వంతులు. ఇంధనం మండి పిస్టన్‌ను సరైన చోట తోయాలంటే, ఆ చుట్టులో 20 డిగ్రీల మేర మాత్రమే అవకాశం ఉందనుకుందాం. అది వెయ్యి వంతుల్లో దాదాపు 4 వంతులు. కళ్లు మూసి తెరిచే వ్యవధిలో చిన్న భాగం. ఆ లోపలే డీజిల్ తుంపరలు ఆవిరి కావాలి, గాలితో కలవాలి, అంటుకోవాలి. గాలి చల్లగా ఉంటే ఈ పనులన్నీ ఆలస్యమవుతాయి. పిస్టన్ కిందికి దిగిపోతుంది, గాలి వ్యాకోచించి ఇంకా చల్లబడుతుంది, మంట పుట్టదు. మండని డీజిల్ సన్నని మంచులా సైలెన్సరు నుంచి బయటపడుతుంది. కళ్లు మండించే ఆ తెల్లపొగ అదే.

అందువల్ల చలి ఉదయాన డీజిల్ ఇంజన్ కుదురుగా నడవాలంటే నాలుగు సరిగా ఉండాలి. గాలిని వేగంగా, గట్టిగా నొక్కాలి. మొదట కొద్దిగా అరువు వేడి అందాలి. డీజిల్‌లో గాలి, నీరు కలవకూడదు. డీజిల్ సన్నని తుంపరగా, సరైన వేళకు పడాలి. వీటిలో ఏది లోపించినా పైకి కనిపించే లక్షణం ఒకటే, వణుకు. కడుపునొప్పి అనగానే కారణం ఒకటే అనుకోం కదా! ఇదీ అంతే.

పరీక్షకు మూడు నియమాలు

మొదటిది, బండి రాత్రంతా చల్లబడి ఉండగానే పరీక్షించాలి. వణికే బండిని ఉదయం పది గంటలకు షెడ్డుకు తోలుకుపోతే దారిలోనే ఇంజన్ వేడెక్కుతుంది, జబ్బు దాక్కుంటుంది. రాత్రే షెడ్డులో వదిలి, తెల్లవారి మెకానిక్కు ఎదుట స్టార్టు చేయటం మేలు.

రెండవది, ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది తరవాత.

మూడవది, ఒకసారికి ఒకటే మార్చాలి. నాలుగు భాగాలు ఒకేసారి మార్చితే వణుకు పోవచ్చు గాని దోషం దేనిదో ఎన్నటికీ తెలియదు. మీ ప్రయోగశాలలో ఒక అంశాన్ని మార్చి మిగతావి స్థిరంగా ఉంచుతారే, ఆ పద్ధతే ఇది.

ఇప్పుడు మూడు ఊళ్లలో మూడు బండ్లు ఉన్నాయని ఊహించుకుందాం. మూడింటి ఫిర్యాదూ ఒకటే, "పొద్దుగాల వణుకుతంది సార్."

కోరుట్ల కూరగాయల బండి

ఇది స్టార్టయిన క్షణం నుంచే వణుకుతుంది. తెల్లపొగ వస్తుంది. నాలుగు నిమిషాలకు రెండూ పూర్తిగా పోతాయి. "నాజిళ్లు మార్చాలె" అని ఒకరు, "ఇంజన్ బోరుకొచ్చింది, విప్పాలె" అని మరొకరు అన్నారు.

ముందు బ్యాటరీ చూద్దాం. నిండుగా ఉన్న బ్యాటరీ, ఇంజన్ ఆగి ఉండగా, దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. తాళంచెవి తిప్పి ఇంజన్‌ను తిప్పుతున్నప్పుడు ఆ సంఖ్య కొంత తగ్గటం సహజం. 9.5 కంటె దిగువకు పడితే బ్యాటరీ నీరసించినట్టు, లేదా దాని కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పేరుకుని కరెంటుకు అడ్డుపడుతున్నట్టు. చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. అదే వేళకు ఇంజన్ ఆయిలు చిక్కబడి ఇంజన్ తిరగటం బరువవుతుంది. బలం తగ్గినప్పుడే భారం పెరిగిందన్నమాట. ఈ బండి బ్యాటరీ బాగుందనుకుందాం.

తరవాత హీటరు ప్లగ్గులు. చాలా డీజిల్ పికప్‌లలో ప్రతి సిలిండరుకూ ఒక సన్నని ఇనుప పుల్లలాంటి ప్లగ్గు ఉంటుంది. తాళంచెవిని సగం తిప్పగానే అందులోకి కరెంటు పారి, కొన్ని సెకన్లలో కొన ఎర్రగా కాలుతుంది. అరువు వేడి ఇదే. డ్రైవరు ముందున్న పలకమీద చుట్టలాంటి గుర్తు వెలిగి ఆరేదాకా ఆగాలి. చాలామంది ఆగరు! తొందరలో చుట్ట గుర్తు వెలుగుతుండగానే స్టార్టు చేస్తారు. అందుకే మొదట డబ్బు ఖర్చులేని చికిత్స చేసి చూడాలి. గుర్తు ఆరేదాకా ఆగి స్టార్టు చేయటమే ఆ చికిత్స. కొన్ని ఇంజన్లకు ఈ ప్లగ్గులకు బదులు లోపలికి వచ్చే గాలిని వేడిచేసే కాయిల్ ఉంటుంది. వాటి సంగతి మెకానిక్కుకు తెలుస్తుంది.

మన బండి ఆగి స్టార్టు చేసినా వణుకుతోంది. ఇప్పుడు వణికే సిలిండరు ఏదో తేల్చాలి. మెకానిక్కు ఒక చక్కని ఉపాయం చేస్తాడు. ఒక్కో సిలిండరు నుంచి పొగ బయటికి వచ్చే ఇనుప గొట్టాలు విడివిడిగా ఉంటాయి. చల్లని ఇంజన్ స్టార్టయిన అర నిమిషం తరవాత ఒక్కోదాని మీద ఒక్క నీటిచుక్క వేస్తాడు. మండుతున్న సిలిండరు గొట్టం మీద నీటిచుక్క త్వరగా ఆవిరవుతుంది. మండని సిలిండరు గొట్టం మీద చుక్క అలాగే నిలుస్తుంది. ఈ రోజుల్లో దూరం నుంచే వేడిని కొలిచే పరికరాలు వచ్చాయి. వాటితో పని ఇంకా సులువు. మన బండిలో మూడో గొట్టం చల్లగా ఉంది.

ఇంజన్ ఆపి ప్లగ్గుల తీగలు విప్పి, మల్టీమీటరుతో నిరోధం కొలిచాడు. ఒకటి, రెండు, నాలుగు ప్లగ్గులు దాదాపు 1 ఓము చూపాయి. మూడోది అనంతం. లోపలి తీగ తెగిపోయిందన్నమాట.

ఇక్కడ ఓమ్ నియమాన్ని గుర్తు చేసుకోండి. 12 వోల్టులను 1 ఓముతో భాగిస్తే 12 ఆంపియర్లు. నాలుగు ప్లగ్గులకు 48 ఆంపియర్లు, అంటే 576 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె తీసుకునే శక్తిలో సగానికి పైగా! వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుందనుకోండి. అయినా ఈ భారమంతా బ్యాటరీదే. బ్యాటరీని ముందే ఎందుకు పరీక్షించామో ఇప్పుడు తెలిసిందా?

మరి నాలుగు నిమిషాలకు వణుకు ఎలా పోయింది? తక్కిన మూడు సిలిండర్ల మంట వేడి ఇనుము ద్వారా, చుట్టూ తిరిగే నీటి ద్వారా మూడోదానికి చేరింది. గోడలు వేడెక్కాయి, అవి దోచుకునే వేడి తగ్గింది, ప్లగ్గు సహాయం లేకుండానే డీజిల్ అంటుకుంది. మే నెలలో ఈ జబ్బు ఎందుకు బయటపడలేదో కూడా దీనివల్లనే తెలుస్తోంది.

చికిత్స, ఆ ప్లగ్గు మార్చటం. ఇంజన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు మెల్లగా విప్పాలి. చల్లగా బిగుసుకున్నదాన్ని బలవంతపెడితే విరిగి లోపల ఇరుక్కుంటుంది. కొన్ని కొత్త బండ్లలో ప్లగ్గులు తక్కువ వోల్టేజికి తయారైనవి. వాటికి నేరుగా బ్యాటరీ తగిలించి పరీక్షిస్తే మాడిపోతాయి. నిరోధం కొలవటమే క్షేమం.

సిరిసిల్ల నూలు బండి

ఇది మొదట చక్కగా స్టార్టవుతుంది. పది సెకన్లు సాఫీగా నడుస్తుంది. ఆ తరవాత తడబడుతుంది, ఆగిపోబోతుంది, మళ్లీ పుంజుకుంటుంది. హీటరు ప్లగ్గు దోషమైతే మొదటి క్షణంలోనే తెలియాలి కదా! ఇక్కడ జబ్బు పది సెకన్లు ఆలస్యంగా వచ్చింది. ఈ ఆలస్యమే ఆనవాలు.

ట్యాంకు నుంచి ఇంజన్‌కు డీజిల్ వచ్చే గొట్టంలో ఎక్కడో సన్నని పగులుంది. లోపలున్న డీజిల్ బయటికి కారేంత పగులు కాదు గాని గాలి లోపలికి జొరబడేంత. మూతి మూసిన స్ట్రాలోని నీరు మూతి వదలగానే జారిపోతుంది కదా! అలాగే రాత్రంతా ఆ గొట్టంలోని డీజిల్ ట్యాంకులోకి జారిపోయింది. ఉదయం ఫిల్టరులో మిగిలిన డీజిల్‌తో ఇంజన్ పది సెకన్లు నడిచింది. తరవాత గాలి బుడగలు వచ్చాయి. డీజిల్‌ను నొక్కితే ఒత్తిడి వెంటనే పెరుగుతుంది. గాలి బుడగ స్పంజిలా నలిగిపోతుంది, ఇంజెక్టరుకు చాలినంత ఒత్తిడి అందదు.

పరీక్షలు రెండు. ఫిల్టరు దగ్గర చేతిపంపు ఉంటే స్టార్టు చేయకముందే గట్టిపడేదాకా దాన్ని నొక్కి, అప్పుడు స్టార్టు చేయాలి. ఆ రోజు వణుకు రాకపోతే అనుమానం బలపడినట్టే. రెండోది, ఏటవాలు చోట రోజూ ముందుభాగం ఎత్తులో ఉండేటట్టు ఆపే బండిని ఒక రాత్రి తిప్పి ఆపి చూడాలి. తేడా వస్తే గాలి దోషమే. గొట్టం మధ్యలో పారదర్శకమైన ముక్క ఒకటి బిగిస్తే బుడగలు కంటికే కనపడతాయి.

చికిత్స, ఎండిన గొట్టం, వదులైన క్లిప్పు మార్చటం. అదే పనిలో ఫిల్టరు అడుగున చేరిన నీటిని కూడా దించాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై డీజిల్ అడుగుకు చేరుతుంది. డీజిల్ కంటె నీరు బరువైనది కాబట్టి అడుగున మరను వదులు చేస్తే ముందు నీరే వస్తుంది.

జగిత్యాల మామిడి బండి

ఇది వణుకుతుంది గాని పొగ లేదు. వేడెక్కినా వణుకు పూర్తిగా పోదు. ఎక్సలేటరు కాస్త తొక్కితే మాత్రం తగ్గుతుంది. సైలెన్సరు మూతి దగ్గర ఒక కాగితం ముక్కను దారానికి కట్టి వేలాడదీస్తే అది ఒకే తీరుగా రెపరెపలాడింది. సిలిండరు ఏదైనా తప్పుతూ ఉంటే కాగితం తడబడాలి.

అంటే నాలుగు సిలిండర్లూ మండుతున్నాయి. వణుకుతున్నది ఇంజన్ లోపలి మంట కాదు, ఇంజన్‌ను చట్రం మీద మోస్తున్న రబ్బరు దిమ్మెలు. వీటిని మౌంటింగులంటారు. ఇంజన్ కదలికను మింగి బండికి చేరనీయకపోవటం వాటి పని. ఏళ్లు గడిచి, ఎండకు, ఆయిలుకు అవి గట్టిపడి పగిలాయి. చలిలో పాత రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. మౌంటింగులు మార్చితే సరి. ఈ బండికి కొత్త ఇంజెక్టర్లు వేసి ఉంటే ఎంత డబ్బు పోయి కూడా వణుకు మిగిలేదో ఆలోచించండి!

ఇంకా ఏమైనా కారణాలున్నాయా?

ఉన్నాయి. వేడెక్కాక కూడా మిస్సింగు మిగిలి, నల్లపొగ, కొట్టుతున్నట్టు చప్పుడు కూడా ఉంటే ఇంజెక్టరు తుంపర చేయక చుక్కలు రాలుస్తోందేమో అనుమానించాలి. ఆ పరీక్ష ఇంజెక్టర్లు బాగుచేసే కేంద్రంలో జరగాలి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు మండుతున్నట్టు. రింగులు, వాల్వులు అరిగాయేమో ప్రత్యేకమైన మీటరుతో ప్రతి సిలిండరు ఒత్తిడినీ కొలిచి చూడాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు రోజూ తగ్గుతుంటే ఆ నీరే సిలిండరులోకి పోతూ ఉండవచ్చు. ఆ బండిని వెంటనే ఆపాలి.

కంప్యూటరు ఉన్న బండ్లలో ఇంజన్ నీటి వేడిని చెప్పే సెన్సారు ఒకటుంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. సాధారణమైన ఒక రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు చూపుతుంది. అది పాడై చల్లని ఇంజన్‌ను వేడిగా ఉందని చెబితే, కంప్యూటరు ఆ మాట నమ్మి హీటరు ప్లగ్గులను వెలిగించదు, డీజిల్ కొలతను చలికి తగినట్టు సవరించదు. అబద్ధపు సాక్షి మాట విన్న న్యాయాధిపతి తీర్పులా ఉంటుంది.

చేయకూడని పనులు

చల్లని ఇంజన్‌ను స్టార్టు కాగానే బుర్రుమని రేసు చేయకూడదు. ఆయిలు చిక్కగా ఉండి భాగాలన్నిటికీ ఇంకా చేరదు, ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి నెమ్మదిగా తోలుకుపోవటమే మంచిది.

మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించి ప్రాణం తీస్తుంది.

ట్యాంకు కిందగాని, ఇంజన్ కిందగాని గుడ్డలు కాల్చి వేడి చేయకూడదు. హీటరు ప్లగ్గులున్న ఇంజన్‌లోకి తేలిగ్గా అంటుకునే స్టార్టింగు స్ప్రేలు కొట్టకూడదు. కాలుతున్న ప్లగ్గు కొనకు అవి పేలవచ్చు.

కొత్త తరం డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టరు గొట్టం వెయ్యి వాతావరణాలకు మించిన ఒత్తిడితో ఉంటుంది. నడుస్తున్న ఇంజన్ మీద ఆ గొట్టం బిరడా వదులు చేస్తే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. పాత బండ్ల మీద మెకానిక్కులు చేసిన ఆ పరీక్ష వీటిమీద చేయరాదు. బోనెట్ ఎత్తి ఉన్నప్పుడు మీరు దూరంగా నిలబడి చూడండి. ఫ్యానుకూ, బెల్టుకూ చున్నీలు, చేతిగుడ్డలు తగలనీయకండి.

మీరు చేసి చూడండి

మీ ఇంట్లోగాని, వీధిలోగాని పికప్ ఉంటే, డ్రైవరు అనుమతితో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. రోజూ తెల్లవారి మూడు అంశాలు రాయండి. థర్మామీటరులో బయటి ఉష్ణోగ్రత ఎంత? స్టార్టు చేశాక ఎన్ని సెకన్లకు చప్పుడు సాఫీ అయింది? పొగ రంగు ఏది? ఉష్ణోగ్రతను అడ్డగీత మీద, సెకన్లను నిలువుగీత మీద గుర్తిస్తూ రెండు నెలలు గ్రాఫు గీయండి.

చలి పెరిగేకొద్దీ సెకన్లు క్రమంగా కొంచెం కొంచెం పెరిగితే అది ప్రకృతి ధర్మం. చలి పెద్దగా మారకుండానే ఒకరోజు సెకన్లు ఒక్కసారిగా రెట్టింపయితే ఏదో భాగం పాడవటం మొదలైందన్నమాట. అప్పుడు ఆ పుస్తకాన్ని డ్రైవరన్నకు చూపించండి, ఆయన దాన్ని మెకానిక్కుకు చూపిస్తాడు. ఏ రోజున మొదలైంది, స్టార్టయిన వెంటనే వణికిందా, పది సెకన్లు ఆగి వణికిందా, పొగ ఏ రంగు అన్న వివరాలు ముందే చేతిలో ఉంటే మెకానిక్కు వెతకవలసిన చోట్లు సగానికి తగ్గుతాయి. బండి వేలం వేళకు మార్కెట్టు చేరుతుంది.